విశాలాక్షి టీచరు చేసిన పెట్టెలు

నన్నెవరైనా మెచ్చుకొంటే నా కడుపులో రాయి పడుతుంది. పదేళ్ళకు దగ్గరవుతోంది, అది అట్లే ఉంది. మెచ్చుకొన్న ప్రతిసారీ ఇంకొంచెం బరువెక్కింది. తిట్లు నన్నెప్పుడూ ఇంతగా బాధపెట్టలేదు. తిట్టు వినడం, దులుపుకొని పోవడం మా పక్క అందరికీ అలవాటే. పొగడ్తనే దించుకోలేకపోయినాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పాలని చాలాసార్లు నోరు తెరిచినాను. తెరిచి, వాన మాటో శెనక్కాయల ధర మాటో మాట్లాడి మూసుకొన్నాను.

ఒకటి మాత్రం ముందే చెప్పాల. నేను గర్వం ఉన్న మనిషిని. ఈ రాతలో కూడా అది మీకు కనబడుతుంది. దాచిపెట్టను. తప్పు చేయించింది ఆ గర్వమే. చివరికి ఆ తప్పును నా నోట చెప్పించింది కూడా, విచిత్రంగా, ఆ గర్వమే.

మాది కంబదూరు. శెనక్కాయలు ఒలిచే మిల్లు ఉంది మాకు. వాన పడిన ఏడాది మిల్లు ఆగకుండా తిరుగుతుంది. పడని ఏడాది షట్టరు సగం దించి లోపల కూర్చోవడమే పని. పడని ఏండ్లే ఎక్కువ. ఊర్లో సగం మంది బెంగళూరుకు కూలికి పోయేవాళ్ళు. నాకు ఆ అవసరం లేదు, ఆ అదృష్టం ఉండింది. కానీ ఊరికే కూర్చొన్న మనిషి చేతులకు ఏదో ఒకటి కావాల కదా. అట్లాంటి ఒక కరువు ఏడాది, గోడౌన్లో మూలన పడి ఉన్న మా నాయన పాత రేడియో విప్పినాను. లోపలి స్పీకరు కాగితం చిరిగిపోయి ఉండింది. గంజి పెట్టి, పల్చటి కాగితం అతికించి, ఆరబెట్టి, మళ్ళీ బిగించినాను. అది పలికింది. నా జీవితంలో నేను బాగుచేసిన మొదటి వస్తువు అది. ఆ పొద్దు పట్టింది నాకీ పిచ్చి.

తొంభైల చివర అది. జనమంతా ప్లాస్టిక్ టేపురికార్డర్లు కొంటున్నారు. పెద్ద పెద్ద చెక్క పెట్టెల స్పీకర్లు, రేడియో రికార్డు ప్లేయరు కలిసిన రేడియోగ్రాములు, ఒకప్పుడు ఇంటికే అందంగా నిలబెట్టినవి, వాకిట్లోకి వచ్చి పడ్డాయి. కోళ్ళు గుడ్లు పెట్టినాయి వాటిల్లో. నేను బళ్ళారి పాత సామాన్ల అంగళ్ళు తిరిగినాను, బెంగళూరు ఆదివారం సంతలు తిరిగినాను. ఎప్పటివో విదేశాల స్పీకర్లు, అయస్కాంతం బరువుగా, కాగితం పల్చగా, దుమ్ము కొట్టుకొని ఉండేవి. తెచ్చి, తుడిచి, చినిగిన అంచు తీసి కొత్త అంచు వేసి, లోపల కాలిన రాగితీగ కాయిలు మళ్ళీ చుట్టి, వాటికి సరిపోయే పెట్టె నేనే చేసేవాణ్ణి.

పెట్టె చేయడంలో నేను మొనగాణ్ణి. ఈ మాట నేనే చెప్పుకోవాల, చెప్పుకొంటాను. స్పీకరు గట్టిగా పలికినప్పుడు చెక్క కూడా దాంతోపాటు వణికితే పాట బురద అవుతుంది. చెక్క వణక్కూడదు. దానికోసం నేను రెండు పలకల మధ్య సందు పెట్టి, అందులో ఇసుక నింపినాను. కణేకల్ దగ్గర ఇసుక దిబ్బలున్నాయి, గాలికి కదిలి పొలాల మీద పడి రైతును ఏడిపించేవి. ఆ ఇసుకే తెచ్చి, జల్లించి, పెనం మీద వేయించి తడి పోగొట్టి నింపినాను. నా పెట్టె మీద చెయ్యి పెట్టి చూస్తే గోడ మీద పెట్టినట్లు ఉంటుంది. ఎత్తాలంటే నలుగురు కావాల. పాడుతుంటే మాత్రం పెట్టె ఉందన్న సంగతే మర్చిపోతాం.

ఇంక విశాలాక్షి టీచరు గురించి చెప్పాల.

ఆయమ్మది ధర్మవరం. ఆడపిల్లల హైస్కూల్లో లెక్కల టీచరు. ఇంట్లో మగ్గాలు ఉండేవి, భర్త పట్టుచీరల వ్యాపారం చూసుకొనేవాడు. గుంతకల్లు రైల్వే కాలనీలో ఒక ఆంగ్లో ఇండియన్ పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తున్నాడని, ఆయన దగ్గర మంచి రేడియోగ్రాము ఉందని తెలిసి పరుగెత్తినాను. నాకంటే ముందే ఆయమ్మ వచ్చి ఉంది. కొంగు నడుముకు చెక్కి, రేడియోగ్రాము ముందర నేల మీద కూర్చొని, చెవి దగ్గర పెట్టి వింటోంది. నేను ధర అడిగినాను. ఆ పెద్దాయన నా పక్క చూడనేలేదు. "ఈమె ముందు విన్నది, తర్వాత ధర అడిగింది. ఈమెకే ఇస్తాను" అన్నాడు. ఆ స్పీకర్లు ఆయమ్మకు పోయినాయి. నాకు రేడియోగ్రాము ఖాళీ చెక్క బీరువా మిగిలింది.

అట్ల మొదలైన స్నేహం మాది. నేను అక్కా అనేవాణ్ణి. ఆయమ్మ నన్ను ఏమప్పా అనేది. ఆదివారాలు నేను ధర్మవరం పోయేవాణ్ణి, సెలవులకు ఆయమ్మ బస్సెక్కి కంబదూరు వచ్చేది. మిల్లులోకి వచ్చి కూర్చొని సాల్డరింగ్ చేసుకొంటుంటే ఊర్లో వాళ్ళు వింతగా చూసేవాళ్ళు. ఆయమ్మ ఎవర్నీ పట్టించుకొనేది కాదు. స్పీకరు కాగితం చుట్టూ ఉండే మెత్తటి అంచు మాకు దొరికేది కాదు. ఆయమ్మ తన మగ్గం మీది పట్టుగుడ్డ ముక్క తీసుకొని, సైకిలు పంచరు వేసే సొల్యూషన్ పల్చగా పూసి, అంచు కట్టింది. నేను నవ్వినాను. అది పలికినాక నవ్వు ఆపినాను. ఇప్పటికీ నేను కట్టే ప్రతి అంచూ అదే. మడకశిర పక్క గొర్రెల కాపర్లు కంబళ్ళకు నూలు వడికే ముతక ఉన్ని ఉంటుంది చూడండి, దాన్ని పెట్టె లోపల వదులుగా పరిచి, లోపలి చప్పుడు అణిచే ఉపాయం కూడా ఆయమ్మదే. నా ఇసుక నాది. మిగతాదంతా ఆమె నేర్పిందే. ఇది నేను ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళకు "ఏదో నా తంటాలు నేను పడినా" అని చెప్పినాను.

ఇది చిన్న తప్పు. పెద్దది ముందుంది.

అనంతపురంలో ఒక కంటి డాక్టరు ఉండేవాడు, రిటైరయినాడు. ఇల్లంతా రికార్డులే. గాత్రం, వీణ, నాదస్వరం, హిందుస్తానీ, అన్నీ. భార్య పోయినాక ఒక్కడే వినలేక, ముందరి హాలు ఖాళీ చేయించి, ఆదివారం పొద్దున ఇష్టమున్నవాళ్ళు వచ్చి వినండి అన్నాడు. దానికి మంచి స్పీకర్లు కావాల. నన్నూ విశాలాక్షి టీచర్నూ పిలిచినాడు. మీరిద్దరూ మీరు చేసినవాటిల్లో మంచి జత తీసుకొని రండి, ఒక పదిమంది వినేవాళ్ళను పిలుస్తాను, అందరికీ ఏది నచ్చితే అది ఈ హాల్లో ఉంటుంది అన్నాడు. డబ్బుల మాట కాదు. బహుమానం కూడా ఏమీ లేదు. ఆ హాల్లో ఉండడమే. జిల్లాలో పాట తెలిసిన చెవులన్నీ నా పెట్టెల్ని వింటాయి. అంతకంటే నాకు కావాల్సింది ఏముంది?

నేను నా ఇసుక పెట్టెలు తీసుకొనిపోయినాను. బెంగళూరులో దొరికిన మంచి స్పీకర్లు వేసి, రెండేళ్ళు దిద్దిన జత అది. ఆయమ్మ గుంతకల్లు స్పీకర్లకు కొత్తగా పెట్టెలు కట్టి తెచ్చింది. ముందురోజు సాయంత్రమే ఇద్దరి సామానూ హాలుకు చేరింది. డాక్టరు పూజలో ఉన్నాడు. ఒకసారి పలికించి చూద్దాం అని, ఆయమ్మ తన పెట్టెలకు తీగలు తగిలించి, చేతికందిన వీణ రికార్డు పెట్టింది.

ఆ కొన్ని నిమిషాలు నేను ఎట్ల చెప్పాల?

నేను స్పీకర్లు వినేవాణ్ణి అప్పటిదాకా. కింది స్వరం ఎట్లుంది, పై స్వరం గీసుకొంటోందా, చెక్క వణుకుతోందా, ఇవే వినేవాణ్ణి. ఆ సాయంత్రం మొట్టమొదటిసారి స్పీకరు వినబడలేదు నాకు. వీణ మీటిన వేలు తెలిసింది. తీగ మీద వేలు జారేటప్పుడు ఉండే ఆ చిన్న రాపిడి తెలిసింది. మృదంగం ఎడమవైపు బరువైన దెబ్బ నేలమీద నుంచి నా అరికాళ్ళకు వచ్చింది. నావి మంచి పెట్టెలు, గొప్ప పెట్టెలు. ఐతే నావి పాటను నా ముందర పెడతాయి. ఆయమ్మవి నన్ను తీసుకొనిపోయి పాట పక్కన కూర్చోబెట్టినాయి.

ఆయమ్మ నా పక్క తిరిగి, "ఎట్లుండాదప్పా?" అనింది.

"బాగుండాది అక్కా" అన్నాను. అంతే అన్నాను. ఆ మాట ఎంత చిన్నగా వచ్చిందో నాకిప్పటికీ గుర్తే.

ఆయమ్మ రాత్రికి పాతూర్లో చుట్టాలింటికి పోయింది. నేను డాక్టరు ఇంట్లోనే పడుకొన్నాను.

చాలా ఏండ్లు నాకు నేను ఒక కథ చెప్పుకొన్నాను. తెల్లారి హడావిడిలో చెయ్యి పొరబాటు పడింది, తర్వాత తెలిసినా చెప్పడానికి సిగ్గుపడినాను, అంతే అని. ఆ కథ అబద్ధం. చెయ్యి పొరబాటు పడలేదు. పడుకొని ఆలోచించి, పద్ధతి ఎంచుకొని చేసినాను. పెట్టె లోపల ఏమీ ముట్టుకోకూడదు, దెబ్బ తగిలించకూడదు, తర్వాత ఆనవాలు మిగలకూడదు. అంత తెలివిగా ఆలోచించినాను. నేను చేసిన చెడ్డపనిని కూడా నేను పనితనంతోనే చేసినాను. దీనికి ఏమనాల?

స్పీకరు జత పలకాలంటే రెండూ ఒకేసారి ముందుకు తొయ్యాల, ఒకేసారి వెనక్కి లాగాల. ఒకదానికి ఎర్ర తీగ, నల్ల తీగ తారుమారు చేస్తే, ఒకటి ముందుకు తోసేటప్పుడు ఇంకొకటి వెనక్కి లాగుతుంది. కాడికి కట్టిన ఎద్దుల్లో ఒకటి ముందుకూ ఒకటి వెనక్కీ పోయినట్లు. పాట ఆగదు, చెడదు. సత్తువ పోతుంది. కింది స్వరం మాయమై, గొంతు ఎక్కడినుంచి వస్తోందో తెలియకుండా గాల్లో తేలుతుంది. తెలియనివాళ్ళు దీన్ని తప్పు అనుకోరు. ఆ పెట్టె గుణమే అంత అనుకొంటారు.

పొద్దున అందరూ వచ్చినారు. తీగలు తగిలించే పని నాది. ముందు నా పెట్టెలు. పలికినాయి, బాగా పలికినాయి. తర్వాత టీచరు పెట్టెలు. వాటి వెనక్కి పోయి, వంగి, కుడి పెట్టెకు తీగలు మార్చి బిగించినాను.

అదే వీణ రికార్డు. ఆయమ్మ మొహం చూడకూడదు అనుకొని చూసినాను. మొదట నవ్వు ఉండింది. తర్వాత కనుబొమలు దగ్గరికి వచ్చినాయి. తల ఒక పక్కకు వంచింది. లేచి వచ్చి నా పక్కన నిలబడి, ఎవరికీ వినబడకుండా అడిగింది.

"ఏమప్పా, తీగలు సరిగానే తగిలించినావు కదా? కింది స్వరం యాడికి పోయింది?"

"నామీద నమ్మకం లేకపోతే నువ్వే చూసుకో అక్కా."

"ఛీ, అదేం మాట! నిన్ను నమ్మక ఇంకెవుర్ని నమ్మాల?"

పోయి తన కుర్చీలో కూర్చొంది. రెండడుగులు వేసి వెనక్కి వంగి చూసి ఉంటే అయిపోయేది. చూడలేదు. నేను ఆ మాట అనింది అందుకే. చూడకుండా ఉండాలనే ఆ మాట అన్నాను. తీగ తిప్పడం కంటే ఆ మాటే పెద్ద తప్పేమో. తీగ ఇనుప మరలకు తగిలించినాను. ఆ మాట మనిషికి తగిలించినాను.

నా పెట్టెలే నిలబడినాయి హాల్లో. అందరూ నా భుజం తట్టినారు. ఒకాయన కాఫీ తాగుతూ, "పాపం టీచరమ్మ బాగానే కష్టపడింది, ఐనా ఇది మొగోళ్ళ పని" అన్నాడు. ఆయమ్మ విన్నది. నేనూ విన్నాను. నేను కాఫీ తాగినాను.

ఆయమ్మ పెట్టెలు విప్పి బండికెత్తేటప్పుడు కుడి పెట్టెకు తిప్పి బిగించిన తీగల్ని ఆమె చూడకముందే నేనే ఊడదీసినాను. ఎందుకు? దొరికిపోకుండా ఉండడానికి. ఐతే దాని ఫలితం ఏమవుతుందో నేను ఆలోచించలేదు. ఇంటికిపోయి ఆయమ్మ ఆ పెట్టెలు పలికించుకొంటే అవి మళ్ళీ అద్భుతంగా పలికినాయి. మీరే ఆలోచించండి, ఆమె ఏమనుకోవాల? పదిమంది ముందర పలకనివి, తన చెవికి మాత్రం పలుకుతున్నాయి. పెట్టెల్లో తప్పు లేదని ఆమెకు తెలుసు, అన్నీ విప్పి చూసింది. ఇంక తప్పు ఎక్కడుంది?

కొన్ని వారాలకు కంబదూరు వచ్చింది. మిల్లులో గోనెసంచి మీద కూర్చొని, నా చెవి పోతాండాదేమోనప్పా అనింది. ఇంట్లో నాకు బాగనే ఇనబడుతుంది, అంటే నా చెవి నన్ను మోసం చేస్తాండాది కదా అనింది. లెక్కల టీచరు. లెక్క సరిగానే వేసింది. ఇచ్చిన అంకె తప్పు, అంతే. అప్పుడైనా నేను చెప్పి ఉండొచ్చు. మిల్లులో మేమిద్దరమే ఉన్నాం. చెప్పకపోగా, "వయసు పెరిగేకొద్దీ అందరికీ అట్లే ఐతాదిలే అక్కా" అన్నాను. ఆమెకు అప్పుడు నలభై ఐదు కూడా ఉండవు.

ఆ తర్వాత ఆయమ్మ ఈ పని మానేసింది. తన దగ్గరున్న కాయిలు చుట్టే మిషను బస్సులో వేసుకొని తెచ్చి, "నీకు పనికొస్తాది" అని నాకిచ్చి పోయింది. పనికొచ్చింది. నేను తర్వాత చేసినవన్నీ ఆ మిషను మీదే చుట్టినాను. ఆ జత పెట్టెలు స్కూలుకిచ్చేసింది. అక్కడ ఎవరో జెండా పండుగకు వాటిని ఏదో పనికిరాని ఆంప్లిఫయరుకు తగిలించి, గొంతు చించుకొని మైకులో అరిస్తే, కాయిళ్ళు కాలిపోయినాయి. చెక్క ఎవరో బెంచీకి వాడుకొన్నారని తెలిసింది. అట్ల పోయినాయి అవి.

నా పెట్టెలు మాత్రం హాల్లో ఏండ్లపాటు పాడినాయి. హిందూపురం నుంచి, బళ్ళారి నుంచి కూడా వచ్చి విన్నారు. ఒకసారి గాత్రం వింటూ డాక్టరు కళ్ళు తుడుచుకొన్నాడు. అది నేను కల్పించలేదు, నా ఇసుక చేసిన పని అది, నా చేతులు చేసిన పని. నన్ను మీరు దొంగ అనండి, నేను కాదనను. పనితనం లేనివాడని మాత్రం అనకండి. నా పని మంచిది. మంచిదైనా చాలలేదు నాకు, అదే కదా గొడవంతా. రెండో స్థానంలో నిలబడి కూడా తలెత్తుకొని ఉండగలిగిన పని అది. నేనే దాన్ని నమ్మలేదు. నేను మోసం చేసింది ఆమె పెట్టెల్ని ఒక్కటేనా? నావాటిని కూడా కాదా?

డాక్టరు పోయినాక హాలు మూతబడింది. నా జత నా ఇంటికి తిరిగి వచ్చింది. అప్పటికి నా చెయ్యి ఇంకా తిరిగింది, ఇంకా తెలిసింది. ఇప్పుడు చేయగలను అనుకొన్నాను. ఆ సాయంత్రం విన్న శబ్దాన్ని నేనే మళ్ళీ చేస్తాను అని కూర్చొన్నాను. అదే కాలం స్పీకర్లు వెతికి తెచ్చినాను. పట్టు అంచు కట్టినాను. మడకశిర ఉన్ని తెచ్చి పరిచినాను. పలికింది. బాగుంది. అది కాదు. ఉన్ని తగ్గించినాను, పెంచినాను. పెట్టె లోతు మార్చినాను. ఒక కరువు ఏడాది మొత్తం దానికే పోయింది. వచ్చిన ప్రతి జతనూ విన్నవాళ్ళు అద్భుతం అన్నారు. ఏదీ అది కాదు.

అప్పుడు నాకు తోచింది ఒకటే. పోయి అడగాల.

మీరు నన్ను మంచివాడు అనుకోకూడదు. నేను ఒప్పుకోవడానికి పోలేదు ధర్మవరానికి. నేర్చుకోవడానికి పోయినాను. ఆమె పనితనం నాకు కావాల్సి వచ్చింది, అంతే.

ఆయమ్మ తల తెల్లబడింది, కండ్లద్దాలు వచ్చినాయి. నన్ను చూసి సంతోషపడింది. కాఫీ ఇచ్చింది. నేను మాట కలిపి, "అక్కా, ఆ గుంతకల్లు పెట్టెల్లో ఉన్ని ఎంత వేసింటివి?" అని అడిగినాను.

నవ్వింది. "ఆ పనికిరాని పెట్టెల సంగతి ఇప్పుడెందుకప్పా?" అనింది.

పనికిరాని పెట్టెలు. అంతే, నా వల్ల కాలేదు. ఇన్నేండ్లలో ఆమె గురించి జాలిపడి చెప్పాలనుకొన్నప్పుడు నోరు రాలేదు. నా మీద నాకు అసహ్యం వేసినప్పుడు కూడా రాలేదు. ఆ పెట్టెల్ని పనికిరానివి అంటే మాత్రం తట్టుకోలేకపోయినాను. పనితెలిసిన ఎవడైనా తట్టుకోలేడు. "అక్కా, నేను తీగ తిప్పినాను" అన్నాను.

ఆయమ్మకు చాలాసేపు ఏమీ అర్థం కాలేదు. అర్థమైనాక అడిగిన మొదటి మాట, "కుడి పెట్టెదా, ఎడం పెట్టెదా?"

"కుడిది."

కండ్లు మూసుకొంది. లోపల ఏదో వింటున్నట్లు ఉంది. "అందుకే మృదంగం ఎడం దెబ్బ ఇనపడలే" అనింది తనలో తాను. కండ్లు తెరిచి, "నిన్ను అడిగితి కదా నేను" అనింది.

"అడిగితివి అక్కా."

"నువ్వేమంటివి?"

నా చేత మళ్ళీ చెప్పించింది ఆ మాట. నామీద నమ్మకం లేకపోతే నువ్వే చూసుకో. ఆమె ఇంట్లో, ఆమె ఇచ్చిన కాఫీ చేతిలో పెట్టుకొని చెప్పినాను. అంతకంటే పెద్ద శిక్ష ఎవరూ వేయలేరు.

తర్వాత అడిగింది. "ముందురోజు సాయంత్రం నువ్వూ నేనే కదా విన్నాం. నిజం చెప్పు. ఎట్లుండె?"

చెప్పినాను. మీకు పైన చెప్పినట్లే చెప్పినాను. వేలు జారిన రాపిడి, అరికాళ్ళకు వచ్చిన దెబ్బ, పాట పక్కన కూర్చోబెట్టడం, అన్నీ. అట్లాంటిది ముందెప్పుడూ వినలేదని, తర్వాత కూడా వినలేదని, నేను చేయాలని చూసి చేయలేకపోయినానని. చెబుతుంటే ఆమె వెన్ను నిటారుగా అయ్యింది. మొహంలోకి ఏదో తిరిగి వచ్చింది. ఆ రోజు గుంతకల్లులో నేల మీద కూర్చొన్న మనిషి అనుకోండి.

"ఇంకోసారి చెప్పు" అనింది.

ఇంకోసారి చెప్పినాను.

నేను క్షమించమని అడగలేదు. అడగబోతున్నానని ఆమెకే అనిపించిందేమో, చెయ్యి అడ్డం పెట్టింది. "అది నా చేత కాదప్పా. ఉత్తమాట చెప్పి పంపీలేను. నా చెవిని నేను అనుమానించుకొంటి ఇన్నేండ్లు. పిల్లోళ్ళు దూరం నుంచి పిలిస్తే ఇనబడినా, ఇనబడిందో లేదో అని రెండుసార్లు అడిగితి. అది నువ్వు తిరిగి ఇయ్యలేవు." మళ్ళీ అనింది, "నాకు ఒకదానికే చెప్తే సరిపోదు. ఆడ పదిమంది కూర్చొనుండ్రి. మొగోళ్ళ పని అన్నోడు కూడా ఉండె. అందరికీ చెప్పు. రాసి చెప్పు. నీ పేరు రాసుకొంటావో లేదో నీ ఇష్టం. నా పేరు రాయి."

ఉన్ని ఎంత వేసిందో ఆమె చెప్పలేదు. ఇంకోసారి అడగడానికి నాకు మొహం లేదు. లేచి వచ్చేటప్పుడు వాకిలిదాకా కూడా రాలేదు ఆయమ్మ.

అందుకే ఇది రాస్తున్నాను. నా పేరు పెట్టలేదు. పిరికితనం ఇంకా మిగిలుందని మీకు తెలుస్తూనే ఉంటుంది. ఆ హాల్లో ఆ పొద్దు కూర్చొన్నవాళ్ళెవరైనా చదివితే నేనెవరో తెలిసిపోతుంది. తెలియనీ. వాళ్ళకు చెప్పాల్సింది ఒక్కటే. మీరు విన్నది ఆమె పెట్టెలు కాదు. ఆమె పెట్టెల్ని ఈ లోకంలో సరిగ్గా విన్నవాళ్ళం ఇద్దరమే, ఆమె, నేను. ఆమె చెవి మీద ఆమెకు నమ్మకం లేకుండా చేసినాను. కాబట్టి సాక్ష్యం నేనొక్కణ్ణే. నేను చెప్పకపోతే అవి ఉండినట్లే కాదు.

చెప్తున్నాను. ఈ పనిలో నా మాటకు విలువ ఉంది, దాన్ని నేను సంపాదించుకొన్నాను, ఆ విలువ మీద నిలబడి చెప్తున్నాను. మా జిల్లాలో ఇంతవరకూ పలికిన స్పీకరు పెట్టెలన్నింట్లోకీ గొప్పవి ధర్మవరం విశాలాక్షి టీచరు తన చేత్తో చేసినవి. నావి వాటి తర్వాత.

రాసేసినాను. ఊపిరి ఆడుతోంది.